యుద్ధం లేని రోజుల సిపాయి: మన్యం ఇళ్ళకు చేరిన కబుర్లు

మన సంచికల్లో సైనికుడి ప్రస్తావన వస్తే రెండు సందర్భాల్లోనే వస్తుంది. ఒకటి 1879 రంప తిరుగుబాటు. రెండోది 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర నడిపిన పోరాటం. రెండింటిలోనూ సైనికుడంటే ఘాటీ ఎక్కి మన మీదికి వచ్చినవాడే. మొదటిసారి మద్రాసు సైన్యం నుంచి ఆరు పదాతి పటాలాలు, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఒక పటాలం, గుర్రపు దండు, సాపర్లు దిగారు. రెండోసారి మలబార్ స్పెషల్ పోలీసు, వాళ్ళ వల్ల కాక అస్సాం రైఫిల్స్ వచ్చాయి. మన తాతలు తుపాకీ మోత ఏ కొండ మీద వినబడిందో చెప్పగలిగేవారు.

అదే కొండల నుంచి ఇప్పుడు మన పిల్లలు సైన్యంలోకి వెళ్తున్నారు. రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, మారేడుమిల్లి, దేవీపట్నం, ఇటు పోలవరం, బుట్టాయగూడెం వైపు గూడేల్లో ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉన్న ఇళ్ళు కనబడతాయి. ఆ పిల్లల గురించి మనం రాసింది మాత్రం లేదు. యుద్ధంలో చనిపోతే పేపర్లో ఫొటో వస్తుంది, కలెక్టరుగారు వస్తారు. చనిపోకుండా పదిహేను, పదిహేడేళ్ళు నౌకరీ చేసి పింఛనుతో తిరిగి వచ్చినవాడి గురించి ఎవరు రాస్తారు? అతని నౌకరీలో యుద్ధం నెలల లెక్క, ఒక్కోసారి అసలు ఉండదు. మిగిలినదంతా తెల్లారి లేవడం, పరుగెత్తడం, బూటు తుడవడం, కాపలా కాయడం, వరుసలో నిలబడి అన్నం పెట్టించుకోవడం. ఆ బతుకు తెలిసినవాళ్ళు ఇంటివాళ్ళు ఒక్కరే. వాళ్ళకు తెలిసింది ఉత్తరాల ద్వారా, ఇప్పుడైతే ఫోను ద్వారా. ఈ వ్యాసం ఆ కబుర్ల గురించి.

ముందు పాత సంగతి కొంచెం చెప్పాలి. తెలుగు సిపాయి కొత్తవాడు కాదు. 1757 ప్లాసీ నాటికి ఈస్టిండియా కంపెనీ వెంట బెంగాలు వెళ్ళిన దక్షిణాది సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంత ఎక్కువంటే, అక్కడ సిపాయి అన్న మాటకే ‘తిలంగ’ అని పేరు పడిపోయింది. మరుసటి ఏడు, 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఈ గోదావరి నేల మీదనే తలపడ్డారు. రెండు వైపులా దేశీయ సిపాయిలున్నారు. వాళ్ళు ఇంటికి ఏం కబురు పంపారు అంటే, మనకు ఒక్క ముక్క కూడా దొరకదు. చదువు రాకపోవడం ఒక కారణం. ఇంకో కారణం, నాకు ముఖ్యమనిపించేది, వేరే ఉంది. మద్రాసు సైన్యంలో సిపాయి పెళ్ళాం పిల్లలతో సహా ‘లైన్ల’లో కాపురం పెట్టేవాడు. పటాలం ఊరు మారితే కుటుంబం కూడా బండి ఎక్కేది. ఇల్లు వెంటే ఉన్నప్పుడు ఇక ఉత్తరం ఎవరికి?

మన డెల్టాలో సామర్లకోట అలాంటి దండు ఊరు. అక్కడి సైన్యాన్ని 1869లో ఎత్తేశారు. పదేళ్ళు తిరగకుండానే రంప కొండలు అంటుకోవడంతో 1879లో మళ్ళీ తెచ్చి పెట్టారు, చివరికి 1893లో పూర్తిగా తీసేశారు. అంటే మన తిరుగుబాటు వల్లనే ఆ బారకాసులు ఇంకో పద్నాలుగేళ్ళు బతికాయి. కొండ ఎక్కిన ఆ సిపాయిలను మన బాణాల కన్నా మన్యం జ్వరమే ఎక్కువ పడగొట్టింది. ఈ జ్వరం సంగతి గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

రంప అణిగిన కొద్దికాలానికే, 1881లో, ఫ్రెడరిక్ రాబర్ట్స్ అనే సేనాని మద్రాసు సైన్యాధిపతిగా వచ్చాడు. తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతి అయ్యాడు. దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చినవాళ్ళలో అతను ముఖ్యుడు. అతని ఆత్మకథలో దానికి చెప్పిన కారణం విచిత్రంగా ఉంటుంది: ఏళ్ళ తరబడి శాంతి, భద్రత, సుఖం అనుభవించి వీళ్ళు మెత్తబడిపోయారట. శాంతిగా ఉండటమే సిపాయి తప్పు అయిపోయింది! ఆ లెక్క ప్రకారం తెలుగువాళ్ళ భర్తీ తగ్గుతూ పోయి, 1928 నాటికి మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. రెండో ప్రపంచయుద్ధం మీద పడి మనుషులు కావలసి వచ్చాక, 1941-42లో మళ్ళీ నిలబెట్టారు. అవసరం వస్తే యుద్ధజాతి కానివాడు కూడా యుద్ధజాతి అవుతాడన్నమాట.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం చరిత్ర కూడా యుద్ధాల లెక్కతోనే చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్ళారని ఊరి లెక్క. మిలటరీ మాధవరం అన్న పేరు అలా వచ్చింది. ఇంటికొకరు తగ్గకుండా సైన్యంలో ఉన్న ఊరు అది, ఢిల్లీ అమర్ జవాన్ జ్యోతి లాంటి స్మారకం కట్టుకుంది. మన గూడేలకు అంత లెక్కా లేదు, స్మారకమూ లేదు. కానీ మాధవరంలోనైనా పేర్లు, పతకాలు భద్రంగా ఉన్నంతగా ఉత్తరాలు ఉండవు. ఉత్తరం చదివి దూలంలో చెక్కితే చెదలు తినేస్తుంది.

ప్రపంచంలో భారత సిపాయిల ఉత్తరాలు ఎక్కువగా మిగిలింది ఎక్కడో తెలుసా? బ్రిటిషు ప్రభుత్వ దస్తావేజుల్లో. 1914 తర్వాత ఫ్రాన్సులో పోరాడిన పంజాబీ, పఠాన్, గఢ్వాలీ సిపాయిల ఉత్తరాలను సెన్సారువాళ్ళు విప్పి, అనువాదం చేయించి, ఎవరేం ఆలోచిస్తున్నారో పైవాళ్ళకు నివేదిక పంపేవారు. ఆ నివేదికల్లో చేరినవి మిగిలాయి, వాటి మీద పుస్తకాలు వచ్చాయి. అనుమానం కొద్దీ చదివారు కనుక నిలిచాయి. శాంతికాలపు సిపాయి ఉత్తరాన్ని అలా పట్టించుకున్నవాడు ఎవడూ లేడు.

మన ఇళ్ళకు వచ్చిన ఉత్తరాల్లో ఇంకో చిక్కు ఉంది. అది భాష. కొండరెడ్ల ఇంట్లో మాట తెలుగే కనుక వాళ్ళకు కొంత నయం. కోయ ఇంట్లో మాట కోయ. పిల్లవాడు బడిలో నేర్చిన రాత తెలుగు. పటాలంలో పని జరిగేది హిందీలో. కనుక హిందీలో గడిచిన రోజును, కోయలో తలచుకుని, తెలుగులో రాసేవాడు. ఆ ఉత్తరం గూడేనికి చేరాక చదివేది ఆశ్రమ పాఠశాల మాస్టారో, పోస్టుమానో. మాస్టారు తెలుగులో చదివితే, ఇంట్లో కొంచెం బడికి వెళ్ళిన చెల్లెలు దాన్ని కోయలో అమ్మకు చెప్పేది. నేను ఏజెన్సీ బళ్ళలో పనిచేసిన రోజుల్లో ఇలా చదివిపెట్టిన ఉత్తరాలకు లెక్కలేదు. ‘ఉభయకుశలోపరి’ అని మొదలయ్యేవి. ఆ మాటకు అర్థం రాసినవాడికీ సరిగా తెలియదు, విన్న తల్లికీ తెలియదు. కానీ అది వినబడితే కొడుకు బాగున్నాడని అర్థం. అది రాకుండా ఉత్తరం మొదలైతే కంగారు పడేవారు.

చుట్టూ పదిమంది కూర్చుని వినే ఉత్తరంలో ఎవడైనా మనసు విప్పి ఏం రాస్తాడు? అందుకే వాటిలో ఉండేది దినచర్య. దాన్ని చూసి, ‘ఏముంది, అన్నీ ఒకటే’ అనేవారు కొందరు. నా లెక్కలో అదే అసలు సంపద.

ఆ దినచర్య ఇది. తెల్లవారుజామున అయిదుకు లేపుతారు. మన పిల్లవాడికి అది కొత్త కాదు. కొత్తదేమిటంటే గెడ్డం రోజూ గీయాలి, వచ్చినా రాకపోయినా. ఆపైన పీటీ, పరుగు. తర్వాత నాష్టా. తర్వాత పరేడో, తుపాకి విప్పి తుడిచి నూనె రాయడమో, తన ట్రేడు పనో. ఆ తుపాకి తన దగ్గర ఉండదు, ‘కోత్’లో లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటారు. మధ్యాహ్నం అన్నం, కాస్త నడుం వాల్చడం. తర్వాత ఒక్కోరోజు ‘ఫెటీగ్’: గడ్డి కోయడం, సున్నం వేయడం, రాళ్ళు ఏరడం. సాయంత్రం ఆటలు తప్పనిసరి. చీకటి పడ్డాక రోల్‌కాల్, అక్కడే రేపటి పని చదువుతారు, రేపు క్వార్టర్ గార్డులో ఎవరో చెబుతారు. రాత్రి పదికి దీపాలు ఆపాలి. ఆదివారం మందిర్ పరేడ్, బట్టలుతుక్కోవడం, ఉత్తరం రాసుకోవడం.

రోల్‌కాల్‌లో పిలిచే పేరు కూడా ఇంటికి రాసే విశేషమే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. హవల్దారు దాన్నే పేరనుకుని పిలుస్తాడు. కారం, మడివి, కుంజం, సోడె అని గట్టిగా కేక వేస్తే ‘హాజిర్ సాబ్’ అనాలి. కారం తమ్మనదొరను పట్టుకోవడానికి ఈ సైన్యమే ఒకప్పుడు కొండలన్నీ గాలించింది. అదే ఇంటిపేరు ఈనాడు హాజరుపట్టీలో ఉంది. ఇటు ఉత్తరాదివాళ్ళు మనవాణ్ణి ‘మద్రాసీ’ అంటారు. మద్రాసు రెజిమెంటులో అయితే అందరూ ‘తంబి’లే. కోయవాడు, కొండరెడ్డి అన్న సంగతి గేటు బయటే ఆగిపోతుంది. అది మంచిదంటారు కొందరు పెద్దలు. నేను పూర్తిగా ఒప్పుకోలేను. గేటు బయట వదిలిన పేరును ఎవరో ఒకరు కాపాడాలి కదా.

తిండి గురించి రాయని ఉత్తరం లేదు. పూరీ, చపాతీ, పప్పు, గుడ్డు, వారంలో కోడికూర. వంటశాలను ‘లంగర్’ అంటారని, కంచం, మగ్గు తనవి తనే కడుక్కోవాలని రాసేవారు. ఏడాదికోసారి ‘బడాఖానా’ పెడితే ఆఫీసర్లు జవాన్లతో కలిసి కూర్చుని తింటారన్న సంగతి మన గూడెంలో బాగా నచ్చేది. మన పండుగలో కూడా అంతే కదా, అడ్డాకు ముందు అందరూ ఒకటే. చోడి జావ, వెదురు కొమ్ముల కూర, జీలుగు కల్లు దొరకవని చివర్లో ఒక ముక్క. కల్లు మాట రాగానే వింటున్న ముసలివాళ్ళంతా నవ్వేవారు.

ఇప్పుడు జ్వరం మాట. సైన్యంలో సూర్యుడు దిగగానే మడిచిన చొక్కా చేతులు దించుకోవాలి, రాత్రి దోమతెర కట్టుకోవాలి, కట్టుకోకపోతే శిక్ష. ఇంత చిన్న విషయం ఒక ఉత్తరంలో చదివినప్పుడు అక్కడున్న పెద్దాయన ‘దోమకు అంత భయపడతారా వీళ్ళు’ అని ఆశ్చర్యపోయాడు. భయపడటం వాళ్ళకు అనుభవం నేర్పింది, అందులో మన కొండల అనుభవం కూడా ఉంది. సెలవుకు వచ్చిన పిల్లలు ఇంట్లో దోమతెర కట్టించిన గూడేలున్నాయి. ప్రభుత్వం తెరలు పంచితే చేపలు పట్టుకున్నవాళ్ళు కూడా కొడుకు చెబితే కింద పడుకున్నారు. దీన్ని నేను చిన్న చరిత్ర అనుకోను.

ఉత్తరం కన్నా పొట్టిది మనియార్డరు కూపను. డబ్బు ఫారం కింది ముక్కలో నాలుగు మాటలు పట్టేవి: ‘ఎద్దుకు వాడుకోండి’, ‘చెల్లి ఫీజుకు’, ‘సావుకారుకు ఇవ్వవద్దు’. ఆ మూడో మాటకు ఏజెన్సీలో ఎంత బరువుందో ఇది చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పోడు పంట, చింతపండు, కొండచీపుర్లు అన్నీ ముందే సావుకారు ఖాతాలోకి వెళ్ళే ఇంటికి నెల నెలా చేతికొచ్చే డబ్బు అది ఒక్కటే. పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది. టెలిగ్రాము 2013లోనే పోయింది. టెలిగ్రాము పోయినందుకు మాత్రం ఎవరూ బాధపడలేదు. అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వెళ్ళినా అందులో మంచి కబురు ఉండేది కాదు.

పీస్ స్టేషన్‌లో ఉన్నప్పుడు ఉత్తరం మీద ఊరి పేరు ఉంటుంది: సికింద్రాబాద్, బెంగళూరు, జబల్‌పూర్, వెల్లింగ్టన్. ఫీల్డుకు వెళ్ళగానే ఊరి పేరు పోయి ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ అనో వస్తుంది. మొదటిది ఢిల్లీ మీదుగా, రెండోది కలకత్తా మీదుగా వెళ్ళే సైనిక తపాలా. ఆ అంకె చూసి కొడుకు ఎక్కడున్నాడో ఇంటివాళ్ళు చెప్పలేరు. కానీ పీస్‌లో లేడని మాత్రం తెలిసిపోయేది. చదువు రాని తల్లి కూడా కవరు మీద ఆ అంకెల ఆకారం గుర్తుపట్టేది. ఆ రెండు మూడేళ్ళు గంగాలమ్మకు మొక్కులు ఎక్కువ.

ఉత్తరంలో రాయనివి కూడా చరిత్రే. చలికి వేళ్ళు పగిలినట్టు రాయరు. శిక్షగా వీపుకు సామాను కట్టి పరుగెత్తించినట్టు రాయరు. హిందీ రాక మొదటి మూడు నెలలు అందరూ నవ్వితే రాత్రి దుప్పటి కింద ఏడ్చినట్టు రాయరు. ఇవన్నీ పింఛను వచ్చాక, నెగడు దగ్గర కూర్చున్నప్పుడు, నవ్వుతూ చెబుతారు. అటు ఇంటివాళ్ళూ అంతే. పంట పోయిందని, నాయనకు జ్వరమని రాయించేవారు కాదు. ‘ఇక్కడ అందరం క్షేమం’ అనే మాస్టారి చేత రాయించేవారు. రెండు వైపులా ఒకరికొకరు క్షేమం అని చెప్పుకుంటూ పదిహేనేళ్ళు గడిపేశారు.

ఎస్‌టీడీ బూతులు వచ్చాక రాత్రి పదకొండు దాటితే కాల్ ఖర్చు బాగా తగ్గేది. పటాలం గేటు బయట బూతు ముందు ఆ వేళకు వరుస కట్టేవారు. కానీ మన గూడెంలో ఫోనెక్కడిది? రంపచోడవరంలోనో గోకవరంలోనో తెలిసినవాళ్ళ పీపీ నంబరు ఇచ్చి, ఫలానా సంత రోజు మధ్యాహ్నం చేస్తానని ముందు ఉత్తరంలో రాసేవారు. సంతకు దిగిన తల్లిదండ్రులు ఆ షాపు ముందు గంటల తరబడి కూర్చునేవారు. మూడు నిమిషాల మాటకు రోజంతా. అయినా ఆ మూడు నిమిషాల్లో జరిగింది చిన్నది కాదు: మాస్టారు లేకుండా, తెలుగు లేకుండా, కొడుకు నేరుగా కోయలో మాట్లాడాడు. అన్నేళ్ళూ ‘క్షేమం’ అని విన్న తల్లి మొదటిసారి కొడుకు గొంతులో జలుబు విని ‘నీకు ఒంట్లో బాలేదా’ అని అడగగలిగింది.

ఇప్పుడు సెల్లులో సిగ్నలు దొరికే బండ ఎక్కితే ముఖం కూడా కనబడుతుంది. రెండేళ్ళ పాపకు నాన్నంటే ఫోనే. సైన్యం 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమని ఆదేశించింది. గూఢచారులు అమ్మాయిల పేరుతో వల వేస్తున్న రోజుల్లో అది అవసరమే. అందుకని ఇప్పటి కబురు ఫొటోగా కాక మాటగానే వస్తుంది, అదీ ఎక్కడున్నదీ చెప్పకుండా. మళ్ళీ అదే దినచర్య: లేచాను, పరుగెత్తాను, పూరీ తిన్నాను, రేపు గార్డు డ్యూటీ. ఉత్తరాన్ని చెదలు తింటే, ఈ మాట గాలిలోనే పోతుంది. మన సంఘంలో ఫోను రికార్డింగు తెలిసిన యువకులు చాలామంది ఉన్నారు. పింఛను పుచ్చుకుని వచ్చిన జవాన్ల దగ్గరికి వెళ్ళి, రోజు ఎలా గడిచేదో వాళ్ళ మాటల్లోనే, కోయవారైతే కోయలోనే, పట్టి ఉంచమని అడుగుతున్నాను. యుద్ధం గురించి అడగవద్దు. తిండి, నిద్ర, చాకిరీ గురించి అడగండి.

తొందరపడటానికి కారణం ఉంది. సైన్యంలో చేరడానికి మన ప్రాంతపు మామూలు కుర్రాడికి 166 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల ఆదివాసులకు 162 చాలు. ఆ నాలుగు సెంటీమీటర్లు మన పిల్లలు ఎందరికో దారి తెరిచాయి. కానీ 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక నౌకరీ నాలుగేళ్ళే. మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు, అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి 21,000. నాలుగేళ్ళ చివర నిధి చేతికిచ్చి పంపుతారు, పింఛను ఉండదు. నూటికి పాతికమంది వరకే ఉంచుకుంటారు. ఆ నాలుగేళ్ళూ యుద్ధం రాకపోతే అతని సైనిక జీవితమంతా ఈ దినచర్యే, మరొకటి లేదు. దీన్ని మంచి అనేవారున్నారు, అన్యాయం అనేవారున్నారు. నిధితో ట్రాక్టరు కొనవచ్చు. కానీ పాతికేళ్ళు నిండకుండానే ‘మాజీ’ అయ్యే కుర్రాడికి ఏజెన్సీలో ఏ పని చూపిస్తామో మనం ఇప్పటి నుంచే ఆలోచించాలి.

చిరునామా సంగతి కూడా ఒకటుంది. పోలవరం ప్రాజెక్టు కింద దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళ నుంచి వెళ్ళిన జవాను సర్వీసు కాగితాల్లో సొంత ఊరు అని రాసి ఉన్న పేరు నీళ్ళ కిందికి పోయింది. దగ్గరి రైల్వే స్టేషను రాజమండ్రి అన్నది మాత్రం మారలేదు. సెలవు మీద దిగి అక్కడి నుంచి పునరావాస కాలనీకి దారి అడిగి వెళ్ళాలి.

ఇక సెలవు. పాత జవానుకు ఏడాదికి 60 రోజుల సెలవు, అదికాక 30 రోజుల క్యాజువల్ సెలవు. భూమి పండుగకు ఒకసారి, కొత్తలకు ఒకసారి రావడానికి సరిపోయేది. అగ్నివీరుకు మొత్తం 30 రోజులే. అస్సాం వైపు నుంచి హౌరా మీదుగా రాజమండ్రి చేరి, అక్కడి నుంచి కొండ ఎక్కడానికి, తిరిగి వెళ్ళడానికి వారం దారిలోనే పోతుంది. అందుకే ఈమధ్య ఫోన్లలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుంది. అమ్మ అడుగుతుంది: విత్తనాలప్పుడు వస్తావా, మామిడి కొత్తకు వస్తావా? రెండింటికీ రాలేనని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. విత్తనాలకే వస్తానంటాడు ఎక్కువమంది. అప్పుడైతే అరకకు మనిషి కావాలి.